జీతము గొనని దారి కాపరులు



అమెరికా సంయుక్త రాష్ట్రములలో జాతీయ వనములను పాలించు ప్రభుత్వశాఖ యొకటి కలదు. జాతీయ వనమనగా కొండను, కోనను, అడవిని, ఏటిని ఎవ్వరికిని అమ్మక, ప్రజలందఱి సొత్తుగా ప్రభుత్వము కాపాడు ప్రదేశము. ఆ శాఖవారు కొందఱిని ఎంచి సన్మానించు ఆచారమొకటి పెట్టుకొన్నారు. ఆ సన్మానమునకు జార్జి హార్ట్‌జాగ్, హెలెన్ హార్ట్‌జాగ్ అను దంపతుల పేరు పెట్టబడినది. దానిని పొందువారు ఉద్యోగులు కారు, యుద్ధవీరులును కారు. అడవిలో కాలిబాట చెడకుండ చూచువారు, వానకు కొట్టుకొనిపోయిన ఱాతిమెట్లను మరల పేర్చువారు, కలుపుమొక్కలను పెఱికి నేల మొక్కలకు చోటిచ్చువారు, బాటసారులకు దారి చెప్పువారు. వీరిలో ఒక్కరును జీతము గొనరు. ఒక్కడు చేసిన సేవకు ఒకటి, పలువురు కూడి చేసినదానికి ఒకటి, పిన్నవారి సేవకు ఒకటి, చిరకాలము విడువక చేసిన సేవకు ఒకటి, ఇట్లు ఆ సన్మానమున తెగలు కలవు.

ఈ మాట వినగానే మీలో కొందఱికి సందేహము కలుగవచ్చును. పని చేయించుకొని కూలి యీయక, చివర నొక పత్రము చేతికిచ్చి చప్పట్లు కొట్టి పంపుట మర్యాదయా, మాయయా? సందేహము న్యాయమైనదే. వెట్టిచాకిరి యెట్టిదో మనము తాతల నోట విని యెఱిగినవారము. చెఱువుగట్లకును కాలువలకును రైతులు తమంతట తాము కూడి పనిచేసికొను కుడిమరామత్తు అను ఆచారము మన సీమలో పూర్వము ఉండెడిది. చెన్నపట్టణపు సీమకై దొరతనమువారు 1858వ సంవత్సరమున నిర్బంధ శ్రమ శాసనమును చేసి, ఆ వాడుక పనికి చట్టపు కొరడాను జోడించిరి. అంతటితో ఊరిపని దొరపని యయ్యెను. మట్టి యొకటే, తట్ట యొకటే, మోసినవాడును ఒకడే; రమ్మని పిలిచినవాడు మాత్రము మాఱినాడు. కావున జీతము లేని పని యేదైనను ఎవరి యిచ్ఛచే పుట్టినది, ఎవరి చేతులలో పెరిగినది అని మొదట విచారింపవలెను. అందులకై అమెరికాలోని ఒక కాలిబాట చరిత్రను మీకు చెప్పెదను. హార్ట్‌జాగ్ దొరగారి కథ దానితో వచ్చి కలియును.

ఆ బాట పేరు అప్పలాచియన్ కాలిబాట. అమెరికా తూర్పుతీరము వెంబడి అప్పలాచియన్ పర్వతములు సాగియున్నవి. మన తూర్పుకనుమలవలె అవియు మిక్కిలి ప్రాచీనములు. ఎండకు వానకు అరిగి అరిగి గుండ్రనైన కొండలు. దక్షిణమున జార్జియా రాష్ట్రమునందలి స్ప్రింగర్ కొండ మొదలు ఉత్తరమున మెయిన్ రాష్ట్రమునందలి కటాడిన్ శిఖరము వఱకు, 14 రాష్ట్రముల మీదుగా పోవు ఈ బాట నిడివి సుమారు 2,190 మైళ్లు, అనగా 3,500 కిలోమీటర్లు. మన శ్రీనగరమునుండి కన్యాకుమారికి పోవు రహదారికంటె కొంచెమే తక్కువ. కొండచరియ విరిగినచోట, నేల కోసికొనిపోయినచోట బాటను ప్రక్కకు జరుపుదురు గనుక ఈ లెక్క యేటేట కొంచెము మాఱుచుండును. దానిపై బండి పోదు. మొదటినుండి తుదివఱకు ఒక్క పట్టున నడచువానికి అయిదాఱు నెలలు పట్టును. దారి తప్పకుండ చెట్ల బోదెలమీద రెండంగుళముల వెడల్పు, ఆఱంగుళముల పొడవు గల తెల్లని గుఱుతులు వేసియుందురు. ఒకదానిపై నొకటిగా రెండు గుఱుతులు కనబడెనేని ముందు మలుపున్నదని యర్థము. చదువురానివాడును చదువగల లిపి యది.

ఆ కొండలు తెల్లవారు వచ్చునాటికి నిర్జనములు కావు. కటాడిన్ అను పేరే పెనాబ్‌స్కాట్ అను ఆదివాసుల భాషలోనిది. గొప్ప కొండ యని దాని యర్థము. దక్షిణభాగమున చెరోకీ జాతివారు తరతరములుగా నివసించిరి. 1838లో ప్రభుత్వము వారిలో వేలకొలది మందిని సైనికులచేత తఱిమించి పడమటికి నడిపించెను. దారిలోనే పలువురు ప్రాణములు విడిచిరి. ఈ బాట మొత్తములో మిక్కిలి యెత్తైన శిఖరమునకు చిరకాలము ఒక సేనానాయకుని పేరుండెను. 2024లో చెరోకీలు కోరగా దానికి కువోహి యను పూర్వనామమును మరల నిచ్చిరి. నడచుటకు బాట కట్టినవారి ఘనతను చెప్పుచు, నడిపింపబడినవారిని మఱచుట చరిత్రకు తగదు గనుక ఈ మాట చెప్పితిని.

ఇక బాట పుట్టుక. బెంటన్ మెకై యను నాయన 1879లో జన్మించెను. హార్వర్డు విశ్వవిద్యాలయమున అటవీశాస్త్రము చదివి ప్రభుత్వపు అటవీశాఖలో కొలువు చేసెను. ఆయన భార్య జెస్సీ, స్త్రీలకు వోటుహక్కు కావలెనని పోరాడినవారిలో పేరుపొందిన వనిత. మనోవ్యాధి పాలై యామె 1921 ఏప్రిలు నెలలో న్యూయార్కు నగరమున నదిలో పడి మరణించెను. భర్త కుంగిపోయెను. వాస్తుశిల్పుల పత్రికకు సంపాదకుడైన మిత్రుడొకడు ఆయనను న్యూజెర్సీలోని తన పల్లెటింటికి తోడుకొనిపోయెను. అచ్చట కూర్చుండి మెకై యొక వ్యాసము వ్రాసెను. ఆ యేటి అక్టోబరులో ఆ పత్రికలోనే అది అచ్చుపడెను. కొండల వరుసపై అడుగులు వేయుచు పోవు ఒక మహాకాయుని ఊహించి, వాని కన్నులతో ఆయన దేశమును చూచినాడు. క్రింద పొగగొట్టములు, ఇఱుకు నగరములు, అలసిన కార్మికులు. పైన ఖాళీ కొండలు. ఈ రెంటిని కలుపుటకు కొండకొమ్ములపై ఒక పొడవైన బాట కావలెననెను. బాట యొక్కటే కాదు, దాని వెంబడి విశ్రాంతి శిబిరములు, ఉమ్మడి సేద్యపు క్షేత్రములు కూడ ఆయన తలంపులో నుండెను. లాభాపేక్షకు దూరమైన ఈ పనిని లాభాపేక్ష లేనివారే తమ సెలవుదినములలో చేయవలెనని ఆయన కోరిక. జీతము లేని పని యను బీజము ఇట్లు మొదటినాడే నేలలో పడినది. ఎవ్వరును ఎవ్వరినిని నిర్బంధింపలేదు.

మెకై శూన్యమునుండి యీ యాలోచనను తీయలేదనియు చెప్పవలెను. బోస్టను నగరమున 1876లోనే పర్వతారోహణ ప్రియుల సంఘమొకటి వెలసినది. వెర్మాంటు రాష్ట్రమున జేమ్స్ టేలర్ అను ఉపాధ్యాయుడు తన బడిపిల్లలను కొండలకు తీసికొనిపోదమనుకొని, సరియైన బాటలు లేక విసిగి, రాష్ట్రము పొడవునను ఒక దారి వేయవలెనని 1910లో పదిమందిని కూర్చి సంఘము స్థాపించెను. ఆ దారియే తరువాతివారికి దారి చూపినది. నేనును బడిపంతులనే గనుక ఈ సంగతి చెప్పక విడువలేకపోతిని.

ఈ క్రొత్త బాటకై ప్రత్యేకముగా నిర్మించిన తొలి భాగము 1923 అక్టోబరు 7వ తేదీన న్యూయార్కు రాష్ట్రమున తెఱవబడెను. 1925 మార్చిలో వాషింగ్టను నగరమున సభ కూడి, అప్పలాచియన్ కాలిబాట మహాసంఘము ఏర్పడినది. అటుపిమ్మట పని మందగించెను. మెకై ఊహాశాలి; మనుష్యుల చేతికి పార పట్టించు నేర్పు ఆయనకు తక్కువ. పదవి విరమించిన న్యాయమూర్తి ఆర్థర్ పెర్కిన్స్ వచ్చి నిద్రించుచున్న పనిని లేపెను. ఆయన లేపిన పనిని భుజమున వేసికొన్నవాడు మైరన్ ఏవరీ.

ఏవరీ మెయిన్ రాష్ట్రపు సముద్రతీరమున 1899లో పుట్టినవాడు, ఓడల వ్యాజ్యములు చూచు వకీలు, ప్రభుత్వోద్యోగి. 1931 మొదలు 1952 వఱకు మహాసంఘమునకు అధ్యక్షుడుగా నుండెను. ఉద్యోగము పగలు, బాటపని రాత్రులును సెలవులును. సైకిలు చక్రమునకు కొలతయంత్రము బిగించి, దానిని ముందునకు త్రోసికొనుచు కొండలన్నియు కొలిచెను. ఏ రాయి ఎక్కడ, ఏ ఊట ఎక్కడ, ఏ మలుపు ఎన్ని మైళ్ల మీద అని వ్రాసికొని మార్గసూచిక గ్రంథములు వెలువరించెను. ఊరూర క్రొత్త సంఘములను పుట్టించెను. 1936 నాటికి బాట మొత్తమును విడివిడిగా నడచి ముగించిన తొలి మనుష్యుడు ఆయనయే. మాట కఠినము, పని చేయనివానిని సహింపడు, వ్రాసిన యుత్తరములు పదునైనవి. ఇట్టివాడు లేక ఏ ఊరిలోనైన చెఱువు పూడిక తీయబడినదా? ఇట్టివానితో కలహింపని ఊరును లేదు.

కలహము వచ్చియే తీఱినది. 1930ల నాటికి వర్జీనియాలో కొండకొమ్ముపై మోటారు రహదారిని ప్రభుత్వము వేయ మొదలిడెను. దానివలన కాలిబాట పెక్కుచోట్ల చెదరినది. మోటారు రొద లేని అడవికై గదా బాట కోరితిమి, ప్రక్కనే కార్లు పోవుచుండగా అది బాట యెట్లగునని మెకై వాదము. ప్రభుత్వముతో పోరాడుచు కూర్చున్న బాట యెన్నటికిని పూర్తికాదు, వారితో కలసి ప్రక్కకు జరుపుకొని మొదట ఈ కొననుండి ఆ కొనకు కలుపుదమని ఏవరీ వాదము. 1935లో మహాసంఘమున చీలిక వచ్చెను. మెకై ఆ యేడే మఱికొందఱితో కలసి నిర్జనారణ్య సంరక్షణకై వేఱొక సంఘమును స్థాపించెను. 1936 తరువాత ఆ యిరువురికిని మాటలు లేవు. న్యాయమెవరి పక్షమున నున్నది? మెకై చెప్పిన భయము నిజమైనదని అటుపిమ్మటి కాలము చూపినది. ఐనను బాట యున్నది గనుకనే ఆ భయమును గూర్చి నేడు మాటలాడుచున్నాము, ఉన్నదో ఏవరీ వలన ఉన్నది. నా మనస్సు ఏవరీ వైపునకే కొంచెము వాలును.

ఆ రహదారి కథలో కనబడని కన్నీరు మఱికొంత కలదు. ఆ కొండలలోనే 1935లో షెనండోవా జాతీయ వనమును నెలకొల్పుటకు వర్జీనియా రాష్ట్రమువారు అచ్చటి భూములను బలవంతముగా సేకరించిరి. సుమారు 500 కుటుంబములు తమ పొలములను, ఇండ్లను, పెద్దల సమాధులను విడిచి దిగిపోవలసివచ్చెను. ప్రజలందఱి సొత్తు అను మాట చెవికింపుగా నుండును. అది ఎవరి పెరటినుండి తీయబడినదో వారి చెవికి అట్లుండదు. ప్రాజెక్టులక్రింద మునిగిన మన ఊళ్లవారికి ఇది వేఱుగ చెప్పనక్కరలేదు.

1937 ఆగస్టు 14వ తేదీన మెయిన్ రాష్ట్రమున మిగిలిన చివరి ముక్క పూర్తియై, బాట కొననుండి కొనకు కలిసెను. ఆ చివరి ముక్కను వేసినవారు వాలంటీర్లు కారు; ఆర్థికమాంద్యకాలమున పనిలేని యువకులకు పని కల్పించుటకై ప్రభుత్వము 1933లో పెట్టిన దళమువారు, నెలకు జీతము తీసికొన్నవారు. సేవాపరులను పొగడు గ్రంథములలో ఈ సంగతి కొంత వెనుకబడుచుండును. మఱుసటి యేడే, 1938లో, పెనుగాలివాన వచ్చి ఉత్తర రాష్ట్రములలో వేలకొలది చెట్లను బాటపై పడవేసెను. పిమ్మట యుద్ధము వచ్చెను. పార పట్టిన చేతులు తుపాకి పట్టినవి. బాటను పొదలు మ్రింగినవి.

యుద్ధము ముగిసిన పిదప, 1948లో ఎర్ల్ షాఫర్ అను యువకుడు ఏప్రిలు మొదటివారమున జార్జియాలో బయలుదేఱి ఆగస్టు మొదటివారమున కటాడిన్ ఎక్కెను. ఒకే ప్రయాణములో బాట మొత్తము నడచినట్లు తొలిసారిగా ప్రకటించినవాడు అతడే. ఇద్దఱము కలసి నడత మనుకొన్న అతని ప్రాణమిత్రుడు ఇవో జీమా యుద్ధమున మరణించినాడు. ఆ దుఃఖమును నడచి పోగొట్టుకొన నెంచి బయలుదేఱినాడు. మెకై దుఃఖమునుండి పుట్టిన బాట షాఫర్ దుఃఖమునకు మందైనది.

1955లో ఎమ్మా గేట్‌వుడ్ అను అవ్వ, అఱువదియేడేండ్ల వయస్సున, పదునొకండుగురు బిడ్డల తల్లి, చేత కుట్టుకొన్న సంచి యొకటి భుజమున వేసికొని, గుడ్డబూట్లు తొడుగుకొని, ఒంటరిగా ఆ బాటను మొదటినుండి తుదివఱకు నడచెను. ఆమె భర్త చేతిలో ఏండ్లకొలది దెబ్బలు తిన్న ఇల్లాలు. పత్రికలవారు చుట్టుముట్టి ఎట్లున్నదమ్మా బాట యని యడుగగా, చక్కగా నున్నదని పత్రికలో చదివి వచ్చితిని, ఇక్కడ చూడగా పడిన చెట్లు, చెఱిగిన గుఱుతులు, కూలిన చావళ్లునని కడిగివేసెను. దేశమంతయు వినెను. సంఘములవారు సిగ్గుపడి పనిముట్లు వెదకికొనిరి. పొగడ్త చేయలేని పనిని ఆ అవ్వ తిట్టు చేసినది.

ఇంతలో ఇంకొక చిక్కు పెరుగుచుండెను. బాటలో పెక్కు మైళ్లు ప్రైవేటు భూములలో పోవుచుండెను. యజమాని మంచివాడైనంతకాలము నోటిమాట చాలెను. అతడు మరణించి కొడుకు భూమిని అమ్మెనేని క్రొత్తవాడు కంచె వేయును. బాట రోడ్డుమీదికి దిగును. ముప్పదియేండ్లు ఒకడు ప్రాణముగా కాపాడిన రెండు మైళ్లు ఒక్క దస్తావేజుతో పోవును. వాలంటీరు చెట్టు నఱకగలడు గాని కంచెను నఱకలేడు. ప్రభుత్వబలము లేక ఇది నిలువదని అందఱికిని తెలిసినది. 1968 అక్టోబరు 2వ తేదీన లిండన్ జాన్సన్ అధ్యక్షుడు జాతీయ కాలిబాటల చట్టముపై సంతకము చేసెను. దానివలన ఈ బాటయు, పడమటితీరమున దానికి జోడైన మఱియొక బాటయు తొలి జాతీయ రమణీయ మార్గములైనవి. 1978లో భూములు కొనుటకు 9 కోట్ల డాలర్ల వ్యయమును శాసనసభ అనుమతించెను. నేడు బాటలో నూటికి తొంబదితొమ్మిది వంతులకు పైగా ప్రజల భూమిలోనో రక్షణ పొందిన భూమిలోనో ఉన్నది.

ప్రభుత్వము వచ్చినది. మఱి జీతము గొననివారి గతి యేమి? మనము మొదట వేసికొన్న ప్రశ్న ఇక్కడ మరల ఎదురగుచున్నది, హార్ట్‌జాగ్ దొరయును ఇక్కడనే కలియుచున్నాడు.

అమెరికా శాసనసభ పేరును కాంగ్రెసే. ఆ సభ 1884లో ఒక నియమము చేసియుండెను: ప్రాణమునకో ఆస్తికో అపాయము వచ్చిన వేళ తప్ప, ప్రభుత్వాధికారి యెవ్వడును ఉచితసేవను స్వీకరింపరాదు. కారణము వినదగినది. అధికారులు బొక్కసమున ధనము లేకున్నను మనుష్యులచేత పని చేయించుకొనుటయు, వారు పిమ్మట వచ్చి కూలి యడుగుటయు, సభవారు గతిలేక చెల్లించుటయు జరుగుచుండెను. ఉచితమని పిలిచి ఋణము చేయవలదని వారి తాత్పర్యము. మంచి నియమమే. కాని దానివలన నిజముగా ఉచితముగా చేయ వచ్చినవానికిని ప్రభుత్వపు తలుపు మూసికొన్నది.

జార్జి హార్ట్‌జాగ్ 1920లో దక్షిణ కెరొలైనా రాష్ట్రమున జన్మించెను. ఆర్థికమాంద్యమున చితికిన బీదకుటుంబము. పదునేడవయేటనే మతబోధకుడై, వకీలు కచేరిలో వ్రాతపని చేయుచు న్యాయశాస్త్రము నేర్చి, న్యాయకళాశాల మెట్లెక్కకయే వకీలు పరీక్ష నెగ్గెను. 1946లో జాతీయ వనముల శాఖలో చేరి, 1964లో దానికి అధిపతి యయ్యెను. న్యాయవాది గనుక మూసిన తలుపునకు తాళపుచెవి యెక్కడ నుండునో యెఱుగును. సభవారిని ఒప్పించి, వనములలో స్వచ్ఛందసేవను అంగీకరించు చట్టమును చేయించెను; 1970 జూలై 29వ తేదీన అది అమలునకు వచ్చెను. వాలంటీరు ప్రభుత్వోద్యోగి కాడు. ఐనను పనిలో గాయపడెనేని నష్టపరిహారమిచ్చుటకు మాత్రము ఉద్యోగిగా ఎంచబడును. దారిఖర్చు, బస, భోజనము వంటివి ఈయవచ్చును. ఉద్యోగిని తొలగించి వాని స్థానమున వాలంటీరును నిలుపరాదని నేడున్న చట్టములో స్పష్టముగా గలదు. సేవకును వెట్టికిని నడుమ గట్టు వేసిన వాక్యమది. గట్టు ఉన్నంత మాత్రమున గండి పడదని కాదు. ఉద్యోగులను తగ్గించి వాలంటీర్లున్నారు గదాయని చేతులు దులుపుకొను పాలకులు ఏ దేశముననైన పుట్టవచ్చును.

కొలదిమందితో మొదలైన ఆ యేర్పాటు పెరిగి, ఏటికి లక్షకు పైబడినవారిని వనములకు రప్పించినది. హార్ట్‌జాగ్ మాత్రము 1972 చివర నిక్సన్ అధ్యక్షుని ప్రభుత్వముచే పదవినుండి తొలగింపబడెను. కొలువు విడిచిన తరువాత ఆయనయు భార్యయు కలసి ఒక నిధిని ఏర్పఱచిరి. మనము మొదట చెప్పుకొన్న సన్మానము ఆ నిధి బలమున పుట్టినదే. ఆయన 2008లో మరణించెను.

కాలిబాటవారికి మాత్రము, నా యెఱిగినంతలో, వీటన్నిటికంటె గొప్ప సన్మానము 1984లో జరిగినది. ప్రభుత్వము తాను కొనిన బాటభూముల పాలనను మహాసంఘమునకే ఒడంబడికమీద అప్పగించెను. ఏరు దాటినపిదప తెప్పను తగులబెట్టు లోకమున, భూమి చేతికి వచ్చిన ప్రభుత్వము దానిని కాపాడినవారి చేతికే మరల నిచ్చుట అపూర్వము. కుడిమరామత్తును దొరపనిగా మార్చిన 1858నాటి మన కథకు ఇది సరిగా ఎదురు దిశలో నడచిన కథ. సుమారు 30 స్థానిక సంఘములు బాటను తమలో పంచుకొన్నవి. ఒక్కొక్క సభ్యునికి ఒకటిరెండు మైళ్లో, అంతకు కొంచెము ఎక్కువయో వంతు వచ్చును. మన చెఱువు క్రింద ఆయకట్టువారు కాలువను బారలుగా పంచుకొన్నట్లు.

ఆ వంతులో పని యేమి? ముఖ్యముగా నీటితో పోరు. కొండబాటకు మనుష్యుని కాలికంటె వాననీరు పెద్ద శత్రువు. పదిమంది నడచిన చాలుపై నీరు పట్టెనా, ఒక్క కాఱులో అది వాగగును. అందుచేత బాటకు అడ్డముగా, ఏటవాలుగా, రాతినిగాని దుంగనుగాని పాతి నీటిని ప్రక్కకు మఱలింతురు. ఆ కట్టవెనుక మట్టి మేటవేయును. ఏటేట పోయి పారతో తీయవలెను. తీయని యేడు నీరు కట్టపైకెక్కి పాత గుంటనే పట్టును. మడికి నీరు కట్టినవారు మీరు, మీకీ పని తెలియును. ఇవి గాక పొదలు కొట్టుట, గుఱుతులకు రంగు వేయుట, మూడుగోడలతో ముందు తెఱపిగా నుండు చావళ్లను బాగుచేయుట, మఱుగుదొడ్లను శుభ్రపఱచుట. అట్టి చావళ్లు బాటవెంబడి 250కి పైగా కలవు. మఱుగుదొడ్డి పనికి దండ వేసినవారిని నేను చదివినంతలో తక్కువగా చూచితిని.

సన్మానములకు కొలత గంటలు. అధ్యక్షుని పేరిట 2003లో ఏర్పడిన వాలంటీరు సన్మానములో జీవితకాలపు సేవకు 4,000 గంటలు కొలతగా పెట్టిరి. దినమునకు 8 గంటల చొప్పున అది 500 దినములు. ఏటికి 100 గంటలు చేయువానికి 40 ఏండ్లు. లెక్క బాగున్నది. కాని వానలో చావడిక్రింద మూడు గంటలు కూర్చుండి, తెఱపియిచ్చిన పిమ్మట అరగంట పనిచేసి వచ్చినవాడు ఎంత వ్రాసికొనవలెను? ఇంటిలో కొడవలికి పదును పెట్టిన ప్రొద్దు లెక్కకు వచ్చునా? సేతువు కట్టునాడు ఇసుక రాల్చిన ఉడుతకు శ్రీరాముడు కూలి యీయలేదు, ఎన్ని రేణువులని అడుగనులేదు, వీపు నిమిరెను. ఉడుతలన్నిటికిని చారలు నేటికిని ఉన్నవి. ఐనను పాలకులు రాములు కారు గనుక గంటలు వ్రాసికొనుటయే మేలని తోచును. లెక్క లేనిచో సేవ జరిగినట్లే నిరూపణ యుండదు, నిధులడుగ పోయిన సంఘమునకు చేతిలో కాగితము కావలెను.

పెన్సిల్వేనియా రాష్ట్రమున ఈ బాటకు ఒక ప్రదర్శనశాల కలదు. అందు 2011లో బాటకు సేవచేసిన మహనీయుల పట్టిక యొకటి ప్రారంభించి, తొలి జాబితాలో ఆఱుగురి పేర్లు చేర్చిరి. 1936 తరువాత మాటలాడుకొనని మెకై, ఏవరీలు అందు ఒక్కచోటనే ఉన్నారు. ఏవరీ 1952లో యేబదిమూడేండ్లు నిండకమునుపే మరణించెను. మెకై 1975 వఱకు, తొంబదియాఱేండ్లు జీవించి, తన ఊహ చట్టమగుటను కన్నులార చూచెను.

2024 సెప్టెంబరు నెల చివర హెలీన్ అను పెనుగాలివాన బాటయొక్క దక్షిణభాగమును ముంచెత్తెను. బాటప్రక్కన నున్న హాట్ స్ప్రింగ్స్, డమాస్కస్ అను చిన్న ఊళ్లలో ఇండ్లలోనికి వరద వచ్చెను. వందలకొలది మైళ్లపై చెట్లు వ్రేళ్లతో పెల్లగిలి ఒకదానిపై నొకటి కూలినవి. వేళ్లతోపాటు బాటయు లేచిపోయి గోతులు మిగిలినవి. సంఘమువారు బాటసారులను రావలదని వారించిరి. నీరు తీసిన పిమ్మట వాలంటీర్లు కదలిరి. వారిలో కొందఱి యిండ్లే బురదలో నున్నవి. 2025 వసంతమునాటికి చాలవఱకు బాట మరల నడకకు వచ్చెను. 1964నాటి చట్టముచేత నిర్జనారణ్యములుగా ప్రకటింపబడిన భాగములలో యంత్రపు ఱంపము వాడరాదు. అచ్చట ఇద్దఱు ఇరుప్రక్కల నిలిచి లాగు పాతకాలపు ఱంపముతోనే ఆ మ్రాకులను కోయవలెను. త్రోయరాదు, లాగవలెను, ఒకరు లాగునపుడు రెండవవారు చేయి వదులుగా పట్టవలెను. కోసిన దుంగను కాళ్లతో తన్ని లోయవైపునకు దొర్లించి, గుఱుతుగల చెట్టు కూలినదైనచో ప్రక్క చెట్టు బెరడును గీకి, రెండంగుళముల వెడల్పు, ఆఱంగుళముల పొడవున తెల్లరంగు వేసి, తరువాతి చెట్టువద్దకు పోవుదురు.